‘పడిందంట’ అని మాత్రమే వినబడే ఫెలోషిప్ గారికి

మహారాజశ్రీ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ అనే పరిశోధక భృతి గారి సముఖమునకు, సమాచారం సమాజం మీద చూపే ప్రభావాన్ని పరిశోధిస్తున్న కర్నూలు స్కాలరు ఒకడు నమస్కరించి చేసుకునే విన్నపం.

తమరు 2023 జనవరి 1 నుంచి నెలకు 31,000 రూపాయల నుంచి 37,000కు పెరిగారని, రెండేళ్లు నిండి సీనియర్ హోదా వస్తే 42,000 అవుతారని మా వీధిలో తెలియనివారు లేరు. ఇంటి యజమానికి తెలుసు, కిరాణా అంగడి ఆయనకు తెలుసు, నాకు సంబంధాలు చూస్తున్న పెదనాన్నకు ఇంకా బాగా తెలుసు. తమరు ఏ తేదీన దయచేస్తారో ఒక్కరికీ తెలియదు. ఏ కబురు ఊరంతా పాకుతుంది, ఏది దారిలో ఆగిపోతుంది అన్నదే నా థీసిస్ విషయం కనుక, ఇందుకు నేను నొచ్చుకోకుండా నోట్సు రాసుకుంటున్నాను.

నా ఫీల్డ్ వర్క్ తుగ్గలి మండలం జొన్నగిరి పొలాల్లో. తొలకరికి అక్కడ వజ్రాలు తేలతాయని ఏటా జనం వస్తారు. ఎవరికో దొరికిందంట అన్న మాట ఫోన్లలోకి ఎక్కితే చాలు, పక్క జిల్లాలవాళ్లు సద్దిమూటలతో దిగి చాళ్లలో వంగిపోతారు. దొరికినవాడి పేరు నోటికొక రకంగా మారుతుంది. రాయి వెల పెరగడమే గానీ తగ్గడం ఉండదు. పగలంతా ఈ ‘దొరికిందంట’ను రాసుకుని, రాత్రి గదికి చేరి స్కాలర్ల వాట్సాప్ గ్రూపు తెరిస్తే అక్కడ ‘పడిందంట’ ఉంటుంది. ఎవరికి పడింది, ఏ నెలది, బకాయితో కలిపా అని అడిగితే, పక్క డిపార్టుమెంటులో ఎవరికోనట. ఆ రాత్రి పదకొండు గంటలకు గ్రూపులోని అందరూ ఖాతాలు చూసుకుంటారు.

తమరు నా ఖాతాకు దయచేయాలంటే, నేను చదువుతూనే ఉన్నానని నెలనెలా మేకర్ అనే ఒకరు నమోదు చేయాలి, చెకర్ అనే మరొకరు ఆమోదించాలి. మార్చిలో మేకర్ సెలవులో ఉన్నారు. ఏప్రిల్లో ఆయన వచ్చేసరికి చెకర్ పాస్‌వర్డు మరిచిపోయారు. అది గుర్తొచ్చేసరికి గడువు దాటింది.

జొన్నగిరికి దగ్గర్లోనే, ఎర్రగుడిలో, అశోకుడి శాసనాలున్నాయి. రాజుకులనే అధికారులకు ఆజ్ఞ అందితే వారు భేరి మోగించి జనపదాలకు తెలపాలని వాటిలో ఉంది. నడుమ ఒక అధికారి, ఒక భేరి, పాస్‌వర్డు లేదు. అక్కడి లఘు శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కి ఉండటాన్ని పండితులు వింతగా చెబుతారు. మా కాగితం గైడు నుంచి సెక్షనుకు, సెక్షను నుంచి తిరిగి గైడుకు నడిచే తీరు ఎరిగినవారికి అందులో వింతేమీ కనబడదు.

ఆ మాటకొస్తే, నా విషయానికి ఉదాహరణ తమరి గుమ్మంలోనే ఉంది. 2024 జూన్ 18న తొమ్మిది లక్షల మందికి పైగా తమరిని అందుకోవడానికి రాసే నెట్ పరీక్ష రాస్తే, పేపరు ముందే బయటికి పొక్కిందన్న అనుమానం మీద మరునాడే పరీక్ష రద్దయింది. టెలిగ్రాంలో తిరిగిన ఆ స్క్రీన్‌షాటు ఎవరో మార్చి తయారుచేసిందని తర్వాత సీబీఐ తేల్చింది. పరీక్షను మాత్రం ఆగస్టు 21 నుంచి మళ్లీ పెట్టారు. సమాచార ప్రభావం మీద ఇంతకు మించిన అధ్యాయం నేను రాయలేను. జొన్నగిరికి బస్సు చార్జీలు పెట్టుకోవడం దండగేనేమో.

అయినా మొన్న వాన వెలిసిన పొద్దున మళ్లీ వెళ్లాను. మేము గెనెం అనే పొలంగట్టుకు దగ్గర్లో, చాలులో గొంతుక్కూర్చుని, తడి మట్టిని పుల్లతో గెలుకుతున్న ఒక అవ్వను, దొరుకుతుందన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందని ప్రశ్నావళి ప్రకారం అడిగాను. ఆమె తల ఎత్తకుండానే, ఇట్లా అడిగేదానికి నీకెంతిస్తారు నాయనా అంది. నెలకు ముప్పై ఏడు వేలన్నాను. ఎప్పుడిస్తారంది. నేను ప్రశ్నావళిలోకి చూసుకున్నాను. అవ్వ కొంచెం పక్కకు జరిగి, చేతిలోని పుల్లను రెండుగా విరిచి ఒక ముక్క నాకిచ్చింది.

“ఆ గెనెం పక్క ఇంకా ఎవురూ చూడలా. కూచో.”

చిత్తగించవలెను.

ఇట్లు,
గెనెం పక్క నుంచి,
తమ విధేయ స్కాలరు