లేకపోయినా నడిచిందట!

'మున్సిపల్ కౌన్సిల్ లేకపోతే ఏమైంది? ఊరు ఆగిపోయిందా?' ఈ మాట మొన్నమొన్నటి దాకా టీ కొట్టు దగ్గర విసుగ్గా వినబడేది. ఇప్పుడు సన్మాన వేదికల మీద మైకు పట్టుకున్న పెద్దమనుషుల నోట వినబడుతోంది. అదీ విసుగుతో కాదు, పొగడ్తగా! మన పట్టణ ప్రజలు ఎంత చైతన్యవంతులంటే, పాలకవర్గం లేకపోయినా సేవాసంఘాలు, వాకర్స్ క్లబ్బులు, వర్తక సంఘాలే ఊరిని నిలబెట్టాయట. కింద కూర్చున్నవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. మాకు మాత్రం ఒళ్లు మండుతోంది.

నేపథ్యం పాఠకులకు కొత్తేమీ కాదు. 2014లో గెలిచిన కౌన్సిళ్లకు 2019 జూలైలో గడువు తీరింది. 2021 మార్చి 10న రాష్ట్రంలో పుర ఎన్నికలు జరిగినప్పుడు నరసాపురం, నిడదవోలు, కొవ్వూరు, అమలాపురం, మండపేట ఓటేశాయి. భీమవరం, తణుకు, పాలకొల్లు, తాడేపల్లిగూడెం, డెల్టాకు తలవాకిలి అయిన రాజమహేంద్రవరం చూస్తూ కూర్చున్నాయి. 2017లో ఓటేసిన కాకినాడ కార్పొరేషన్ కూడా 2022 సెప్టెంబరులో గడువు ముగిసి ఈ వరసలోకే వచ్చింది. గ్రామాల విలీనం, వార్డుల విభజన, కోర్టు కేసులు అంటూ ఎప్పటికప్పుడు ఏదో ఒక కారణం చెబుతూ వచ్చారు. చివరికి తేలిందేమిటంటే, ఒక పాలకవర్గం నిండా ఏలాల్సిన ఐదేళ్లూ పాలకవర్గమే లేకుండా గడిచిపోయాయి.

విలీనం వద్దన్న గ్రామాల అభ్యంతరాల్లో న్యాయం లేకపోలేదు. పన్నులు పెరుగుతాయన్న భయం నిజమే, ఉపాధి హామీ పనులు పోతాయన్న భయమూ నిజమే. కౌన్సిలర్ల కమీషన్ల గోల లేకపోవడంతో అధికారులు పనులు త్వరగా చేస్తున్నారని అనేవాళ్లూ ఉన్నారు. సరే, విన్నాం.

కానీ రాజ్యాంగం మాట వేరు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ పురపాలక సంఘానికి ఐదేళ్ల గడువు పెట్టింది, అది తీరకముందే తర్వాతి ఎన్నిక పూర్తి కావాలంది. వార్డుల విభజన తేలలేదు, జాబితాలు సిద్ధం కాలేదు లాంటి సాకులు చెల్లవని కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే తేల్చింది. అంటే దారి లేక ఆగిన ఎన్నికలు కావివి. తొందర ఎవరికీ లేక ఆగాయి. కౌన్సిల్ లేకపోతే ఎమ్మెల్యేకి ఊళ్లో రెండో అధికార కేంద్రం ఉండదు. అధికారికి అజెండా మీద నిలదీసేవారు ఉండరు. 2019కి ముందు ఒకరు, తర్వాత ఇంకొకరు, 2024 తర్వాత మళ్లీ మొదటివారు ప్రతిపక్షంలో ఉండగా స్థానిక ప్రజాస్వామ్యం ఖూనీ అయిందని గొంతు చించుకున్నవారే. కుర్చీ దక్కగానే ఆ గొంతుకు ఏమవుతుందో మరి!

మా అసలు భయం ఈ ఊళ్ల గురించి మాత్రమే కాదు. లేకపోయినా నడిచిందన్న మాట ఒకసారి రూఢి అయిందంటే దాన్ని రేపు ప్రతి ఊరికీ వాడతారు. వాడారు కూడా. 2005లో ఎన్నికైన కౌన్సిళ్లకు 2010 సెప్టెంబరులో గడువు తీరితే, కొత్తవి కొలువుదీరింది 2014 జూలైలో. దాదాపు నాలుగేళ్లు. అప్పుడు మనం సర్దుకున్నాం. రాష్ట్రంలో ఉద్యమాలు, అనిశ్చితి అని మనకు మనమే నచ్చజెప్పుకున్నాం. ఆ సర్దుబాటే ముందుమాట అయింది. రెండోసారి ఐదేళ్లు దాటిపోయినా ఎవరూ ఉలిక్కిపడలేదు. మూడోసారి ఎన్నేళ్లో ఊహించుకోండి.

సహకార సంఘాలను చూడండి. ప్రాథమిక సహకార సంఘాలకు రైతులు ఓటేసింది 2013లో. గడువు తీరాక ప్రభుత్వం నియమించిన పర్సన్ ఇన్‌ఛార్జిలు వచ్చారు, ఆ తర్వాత ముగ్గురేసి సభ్యుల నామినేటెడ్ కమిటీలు వచ్చాయి, ప్రభుత్వం మారితే కమిటీ మారింది. సొసైటీ ప్రెసిడెంటును ఒకప్పుడు రైతులే ఎన్నుకునేవారని చెబితే ఇవాళ ఇరవై ఏళ్ల కుర్రాడు వింతగా చూస్తాడు. సొసైటీ కూడా నడుస్తూనే ఉంది మరి. ఎరువులు ఇస్తోంది, అప్పులు ఇస్తోంది. లేకపోయినా నడిచింది! మున్సిపాలిటీనీ ఆ దారినే పంపుదామా?

తమాషా ఏమిటంటే ఇదే డెల్టాలో 2024 డిసెంబరులో సాగునీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి. చేలో నీరు పారించే కాలువకు రైతులు అధ్యక్షుణ్ని ఎన్నుకున్నారు. అదే కాలువ ఊళ్లోకి వచ్చి మంచినీళ్ల చెరువు నింపుతుంది, ఆ చెరువు గురించి అడగడానికి మాత్రం పట్నవాసికి మనిషి లేడు. అపార్ట్‌మెంట్‌కు ప్రెసిడెంటు ఉన్నాడు. రైస్ మిల్లర్లకు ఉన్నాడు, లారీ ఓనర్లకు ఉన్నాడు. వినాయక చవితి పందిరికి సైతం కోశాధికారి ఉంటాడు, మిగిలిన డబ్బులెంతో నిమజ్జనం మర్నాడు చెప్పాల్సిందే. వందల కోట్లు ఖర్చయ్యే ఊరికి ఆపాటి లెక్క చెప్పేవాడు అక్కర్లేదా?

మన ఊళ్ల చొరవను చిన్నబుచ్చడం మా ఉద్దేశం కాదు. ఆ చొరవ మీద గౌరవం ఉండబట్టే ఇంత కోపం. భీమవరం పక్కనున్న కుముదవల్లిలో 1897లోనే గ్రంథాలయం పెట్టుకున్నారు. వీరేశలింగం పేరు పెట్టుకుని, పల్లెటూళ్లో, ఏ సర్కారు గ్రాంటూ చూసుకోకుండా. రాజమహేంద్రవరంలో ఆ వీరేశలింగమే 1890లో టౌన్‌హాలు కట్టించారు, జనం కూర్చుని ఊరి సంగతులు మాట్లాడుకోవడానికి. గౌతమీ గ్రంథాలయం మొదలైందీ అదే కాలంలో, ఆ ఊరి రసికుల పుణ్యాన. గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకట రమణయ్య పుట్టింది తూర్పుగోదావరి కొంకుదురులో. భీమవరంలో 1945లో కాలేజీ వచ్చిందంటే ఊరివాళ్లు సంఘంగా ఏర్పడి తెచ్చుకున్నదే. ఏటా సంక్రాంతికి మొదలై నెల పైగా సాగే మావుళ్లమ్మ ఉత్సవాలను నడిపేది దేవాదాయ శాఖ ఒక్కటే కాదు, నీరుల్లి, కూరగాయలు, పండ్ల వర్తకుల సంఘం తరాలుగా భుజాన వేసుకుంది. పొరుగూళ్లలో అంతటి జాతరకు అధికారులు తల పట్టుకుంటారు. ఇక్కడ ఉల్లిపాయల బస్తాలు దించే చేతులే పందిళ్ల సంగతి, నాటకాల సంగతి చూసుకుంటాయి.

స్వాతంత్య్రోద్యమ కాలంలో భీమవరాన్ని రెండో బార్డోలీ అన్నారు, పన్ను కట్టబోమని తిరగబడిన గుజరాత్ బార్డోలీ పేరు మీద. పన్ను ఎందుకు కట్టాలో చెప్పమని దొరనే అడిగిన నేల ఇది. ఆ నేల మీద 2021లో ఆస్తిపన్ను లెక్క అద్దె విలువ నుంచి మూలధన విలువకు మారింది, ఏటా 15 శాతం దాకా పెంచుకునే వెసులుబాటుతో. కౌన్సిల్ ఉన్న ఊళ్లో అది అజెండాలోకి రావాలి. ఎవరో ఒక సభ్యుడు లేచి గొడవ చేయాలి, ఓడిపోయినా సరే అసమ్మతి రాయించాలి, మర్నాడు మాలాంటి పత్రిక దాన్ని అచ్చేయాలి. కౌన్సిల్ లేని ఊళ్లో కమిషనర్ నుంచి ఫైలు వెళ్తుంది, కౌన్సిల్ స్థానంలో ప్రభుత్వం వేసిన ప్రత్యేకాధికారి సంతకం పెడతారు, కౌన్సిల్ తీర్మానం అయిపోతుంది. ఒక్క మనిషి, ఏకగ్రీవం! చెత్తపన్ను సంగతీ అంతే. 2021లో వచ్చింది, 2024 చివర్లో పోయింది. రావడంలో మన ఊరి మాట లేదు, పోవడంలోనూ లేదు.

ఇన్ని జరుగుతూ ఉంటే ఇంకోపక్క ప్రజా భాగస్వామ్యం అనే మాట మాత్రం ప్రతి ఫ్లెక్సీ మీదా మెరుస్తోంది. నెలనెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర అంటారు, చీపుర్లు పట్టుకుని రమ్మంటారు. జనం వస్తున్నారు కూడా. 2025 మార్చిలో ముఖ్యమంత్రే తణుకు వచ్చి ఆ కార్యక్రమంలో పాల్గొన్నారు. మంచిదే. అయితే ఆ తణుకులో ఛైర్‌పర్సన్ లేరు, ఒక్క కౌన్సిలరూ లేరు. 2022 జూలై 4న భీమవరంలో 30 అడుగుల అల్లూరి కాంస్య విగ్రహాన్ని ఆవిష్కరించడానికి ప్రధానమంత్రి వచ్చారు. ఊరి తరఫున ఎదురెళ్లి దండ వేయడానికి ఎన్నికైన పౌరుడు ఒక్కడు లేడు. చీపురు పట్టడానికి ప్రజలు కావాలి, ఓటు వేయడానికి అక్కర్లేదు. పెళ్లిపనులన్నీ చేయించుకుని పంతిలో ఆకు వేయకుండా పంపేసినట్టుంది ఈ మర్యాద. గోదావరి జిల్లాల్లో చేయకూడని పని ఇది.

రాజమహేంద్రవరం విషయం మరీ ఆందోళనకరం. 2027లో పుష్కరాలు. ఏ ఘాటు విస్తరించాలి, ఏ వీధి వెడల్పు చేయాలి, ఎవరి గోడ పోతుంది, ఏ వాంబే కాలనీకి డ్రెయిన్ వస్తుంది అన్న ప్రణాళికలు కార్పొరేషన్‌కు పాలకవర్గం లేకుండానే మొదలైపోయాయి. 2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజున జరిగిన తొక్కిసలాటలో పాతిక మందికి పైగా పోయారు. అప్పుడు కౌన్సిల్ ఉందిగా, అది ఏం ఆపింది అని అడిగేవారున్నారు. నిజమే, ఆపలేదు. కానీ ఘాటు పక్కన పుట్టి పెరిగి, ఏ మెట్టు దగ్గర జనం ఇరుక్కుంటారో తెలిసిన వార్డు మనిషి మాట ఫైలుకెక్కే చోటు ఒక్కటైనా ఉండాలి కదా. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు వేయాలని రాజ్యాంగమే చెబుతోంది. అసలు కార్పొరేటరే లేని ఊళ్లో వార్డు కమిటీ అంటే కమిషనర్ నవ్వుతారేమో.

చిన్న విషయాల్లోనే ఈ లోటు బాగా తెలుస్తుంది. వేసవిలో కాలువలు కట్టేశాక చెరువులో నిల్వ ఉన్న నీళ్లే దిక్కు. మే నెలలో కుళాయి నీరు పచ్చగా వస్తే ఎవరికి చెప్పాలి? యనమదుర్రు డ్రెయిన్ వాసనకు కిటికీ తెరవలేని ఇల్లాలు ఎవరిని నిలదీయాలి? వార్డు సచివాలయానికి వెళ్తే పైకి రాశామంటారు. అక్కడి సిబ్బందిని తప్పుపట్టలేం, వాళ్ల చేతిలో ఉన్నది అంతే. సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లి అర్జీ ఇవ్వమంటారు. వరసలో నిలబడి, టోకెన్ తీసుకుని, దండం పెట్టి కాగితం ఇచ్చి రావాలి. ఓటరుగా ఉండాల్సినవాడు అర్జీదారుడైపోయాడు. ఓటు అడగడానికి ఇంటికొచ్చిన కౌన్సిలర్ని గుమ్మంలో నిలబెట్టి నాలుగు తిట్టే హక్కు చిన్నది కాదు. కౌన్సిలర్లు మంచివాళ్లని మేము సర్టిఫికెట్ ఇవ్వడం లేదు, కమీషన్ల కథలు ఈ పత్రికే ఎన్నో రాసింది. దొంగ కౌన్సిలర్ని ఐదేళ్లకు దించొచ్చు. ప్రత్యేకాధికారిని దించడం మీ చేతిలో లేదు, మా చేతిలోనూ లేదు.

ఇంకో నష్టం ఎవరూ లెక్కే వేయడం లేదు. మన రాష్ట్రంలో పట్టణ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. డ్వాక్రా సంఘం నడిపి, బ్యాంకు మేనేజర్‌తో వాదించి నేర్చుకున్న ఆడవాళ్లు ఈపాటికి కౌన్సిల్ హాల్లో కూర్చుని ఉండాలి. భర్తలు వెనక నుంచి నడిపిస్తారని వెక్కిరిస్తారు, కొన్ని చోట్ల నిజమే కూడా. కానీ రెండోసారి గెలిచిన ఆమె మొగుడి మాట వినదని మన ఊళ్లు చాలాసార్లు చూశాయి. ఆ రెండోసారి రానివ్వకపోతే ఇంకేం వింటాం?

లేకపోయినా నడిచిందన్నవారికి మా జవాబు సూటిగా ఇదే. నడిచింది ఎవరివల్ల? పారిశుధ్య కార్మికులు తెల్లవారుజామున వచ్చారు కాబట్టి, వర్తకులు చందాలు వేశారు కాబట్టి, రిటైర్డ్ మాస్టార్లు పార్కులో మొక్కలకు నీళ్లు పోశారు కాబట్టి. వాళ్ల కష్టాన్ని చూపించి వాళ్ల ఓటునే వాయిదా వేస్తారా? ఇంతకంటే కపటం ఇంకోటి ఉందా? ఊరు చేసిన మంచిపనే ఊరి హక్కుకు అడ్డుపెడితే, రేపటి నుంచి మంచిపని చేయడానికి కూడా జనం ఆలోచించాల్సి వస్తుంది.

ప్రభుత్వం కోర్టుల మీద నెపం పెట్టి తప్పుకోవడం చాలించాలి. విలీనం తేలని గ్రామాలను పక్కన ఉంచి, పాత సరిహద్దులతోనే ఎన్నిక పెట్టమని న్యాయస్థానం ముందు గట్టిగా వాదించడానికి ఎవరు అడ్డుపడ్డారు? ఏళ్ల తరబడి ఆ ఊసే లేకపోవడం మరుపు వల్ల అనుకోమంటారా?

ఇక మన పెద్దమనుషులకు ఒక మాట. ఆగస్టు 15కీ, జనవరి 26కీ పరేడ్ గ్రౌండులో వరసగా నిలబడి సేవా పత్రాలు అందుకుంటున్నారు, ఫొటో మా ఆఫీసుకు పంపి ఫలానా పేజీలో రావాలని ఫోన్లు చేస్తున్నారు. వేస్తున్నాం కూడా. ఈసారి పత్రం ఇచ్చే అధికారి చెయ్యి పట్టుకుని, మా ఊరికి ఎన్నికలెప్పుడండీ అని ఒక్కసారి అడగండి. వేదిక మీద ఎమ్మెల్యే ఉంటే ఆయన్నీ అడగండి. పని ఆగిపోతుందనో, లైసెన్సు రెన్యువల్ ఉందనో, పిల్లాడి ప్లాను అప్రూవల్ పెండింగులో ఉందనో నోరు పెగలకపోతే మాత్రం, కౌన్సిల్ లేకపోయినా ఊరు నడిచిందని మైకులో చెప్పకండి. ఆ శాలువా మడిచి తీసుకుని ఇంటికి వెళ్లండి.