స్క్రీన్‌షాట్ సంప్రదాయ పరిరక్షణార్థం

పరిశోధన కష్టమని ఎవరైనా అంటే నమ్మకండి. ప్రయోగం సులువు, డేటా పోగెయ్యడం సులువు, రాని ఫలితాన్ని వచ్చిందనిపించడం మరీ సులువు. కష్టమల్లా ఆ ఫలితాన్ని గ్రాఫు గీసి, తెరమీద కనిపించింది కనిపించినట్టు ఫైల్లోకి ఎక్కించడంలోనే ఉంది. ఈ విషయంలో మా ల్యాబు రెండు వర్గాలుగా చీలింది. కోడ్ రాసి పద్ధతిగా సేవ్ చెయ్యాలనేది ఒక వర్గం. స్క్రీన్‌షాట్ తీసి టీకి వెళ్లాలనేది రెండో వర్గం. రెండోదానికి వ్యవస్థాపకుణ్ణి నేనే.

మా వాదానికి చారిత్రక ఆధారం ఉంది. లోకమంతా గ్రాఫులకు వాడే పైథాన్ కోడ్ లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ను 2003లో విడుదల చేసినవాడు జాన్ హంటర్, న్యూరోబయాలజీ మనిషి. మూర్ఛరోగుల మెదడు నుంచి తీసిన విద్యుత్ సంకేతాలను కంప్యూటర్లో చూసుకోవడానికి ఆ పని పెట్టుకున్నాడు. చూసుకోవడానికి అన్నాను, గమనించండి. చూసుకోవడానికి కట్టినదాంట్లో దాచుకోబోతే ఏమవుతుందో నేను స్వయంగా అనుభవించాను.

చక్కటి వక్రరేఖ గీశాను. షో అన్నాను, కిటికీ తెరుచుకుంది, కళ్లారా చూసుకుని మూసేశాను. కింది వరుసలో సేవ్‌ఫిగ్ అని ఉంది, ఫైలు తయారైంది. తెరిచి చూస్తే తెల్లగా, బియ్యప్పిండి ఆరబోసినట్టు. గీత లేదు, అక్షం లేదు, అంకె లేదు. ఆ మధ్యాహ్నమంతా లైబ్రరీని రెండుసార్లు తీసేసి మళ్లీ పెట్టాను, కంప్యూటర్‌ను మూడుసార్లు ఆపి లేపాను, గైడుగారికి జ్వరమని మెసేజ్ పెట్టాను. సాయంత్రం జూనియర్ వచ్చి రెండు వరుసలు అటుదిటు చేసి, "సేవ్ ముందు, షో తర్వాత అన్నా" అన్నాడు. కిటికీ మూయగానే ఆ బొమ్మ పని అయిపోతుందట. తర్వాత సేవ్ చెయ్యమంటే ఎదురుగా బొమ్మే లేదు గనక, అదే కొత్తగా ఒక ఖాళీ బొమ్మ పుట్టించి, మాట తప్పకుండా దాన్ని సేవ్ చేస్తుందట. పెళ్లయి పందిరి పీకేశాక ఫొటోగ్రాఫర్ని పిలిస్తే ఖాళీ స్థలాన్నైనా ఫొటో తీసి ఆల్బమ్ కట్టిచ్చాడన్నమాట. డబ్బులు తీసుకున్నాడు మరి.

కోడ్‌ను సెల్ అనే ముక్కలుగా నడిపించే నోట్‌బుక్‌లో ఇంకో తమాషా. బొమ్మ గీసింది ఒక సెల్లో, సేవ్ చేసింది కింది సెల్లో అయితే మళ్లీ తెల్లకాగితమే. సెల్ ముగియగానే బొమ్మను మూసేస్తుంది. బొమ్మను ఒక పేరు పెట్టి పట్టుకుని, ఆ పేరుతోనే సేవ్ చెయ్యాలని జూనియర్ ఉపదేశం. పేరు పెట్టి పిలిస్తేనే పలుకుతుందట, మా మేనత్త లాగ.

సరే, బొమ్మ దక్కింది. కింద రాసిన 'సమయం, సెకన్లలో' మాత్రం సగానికి తెగింది. నోట్‌బుక్‌లో చూసినప్పుడు నిక్షేపంలా ఉంది! అక్కడ చూపించేటప్పుడు చుట్టూ సర్ది చూపిస్తుందట, ఫైలుకు రాసేటప్పుడు ఆ మర్యాద చెయ్యదట. గ్రూపు ఫొటోలో చివర నిలబడ్డ బాబాయి సగమే పడ్డట్టు. 'బీబాక్స్ ఇంచెస్ టైట్' అని రాస్తే బాబాయి పూర్తిగా వస్తాడు. కాకపోతే ఫొటో కొలత మారుతుంది. ఇంత శ్రమ దేనికి, స్క్రీన్‌షాట్‌లో బాబాయి ముందే ఉన్నాడుగా?

జర్నల్ వాళ్లు 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు, అడిగారు. మామూలుగా వదిలేస్తే బొమ్మ 6.4 అంగుళాల వెడల్పు, 4.8 ఎత్తు, అంగుళానికి 100 చుక్కలు. అంటే 640 చుక్కలు వెడల్పు. 300 చొప్పున అచ్చువేస్తే రెండంగుళాల పైచిలుకు, తపాలా బిళ్లకు అన్నయ్య. నేను వర్డ్‌లో మూల పట్టుకుని లాగాను. గీతలు మెట్లయ్యాయి. ఫొటో ఎడిటర్లో డీపీఐ గడిలో 100 కొట్టేసి 300 రాశాను. జర్నల్ వాళ్లు మోసపోలేదు. లేని చుక్కలు గడిలో రాస్తే పుడతాయా అని జూనియర్ నవ్వాడు. పంతానికి పోయి 20 అంగుళాల బొమ్మ గీశాను. పత్రికలో కాలమ్ మూడున్నర అంగుళాలు. కుదించగానే 10 పాయింట్ల అక్షరం రెండు పాయింట్లకు లోపే తేలింది. నా ఫలితాలు చీమలు చదువుకోవచ్చు.

జేపెగ్ గురించి నాకు చెప్పకండి. ఫొటోలకోసం పుట్టింది, బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లుగా కోసి కుదిస్తుంది, సన్నగీతల చుట్టూ దోమలు ముసిరినట్టు మచ్చలు వస్తాయి, గ్రాఫులకు పీఎన్‌జీయే మేలు, పీడీఎఫ్ అయితే ఎంత పెద్దది చేసినా గీత చెదరదు. ఇవన్నీ విన్నాను. విని పది లక్షల డేటా చుక్కల గ్రాఫును పీడీఎఫ్‌లో గైడుగారికి పంపాను. ఒక్కొక్క చుక్కనూ విడిగా గీసుకుంటూ పోతుంటే ఆయన ల్యాప్‌టాప్ ఫ్యాను గోదావరి ఎక్స్‌ప్రెస్ లాగ మోగిందట. చుక్కల్ని మాత్రం రాస్టరైజ్ చేసి, అంటే ఒకే ఫొటోలా మార్చి, అక్షరాల్ని అలాగే ఉంచొచ్చని ఆయన తిట్టాక తెలిసింది.

మా వర్గానికి దెబ్బ తగిలింది సర్వర్ దగ్గర, ఒప్పుకుంటాను. దానికి తెరే లేదు. తెర లేనిచోట స్క్రీన్‌షాట్ ఎలా తీస్తాం? అక్కడ ఆగ్ అనే బ్యాకెండ్, అంటే లైబ్రరీలో బొమ్మ గీసే భాగం, తెర అవసరం లేకుండానే గీసి ఫైల్లో పెడుతుంది. ఆ వారం నేను సెలవు పెట్టాను.

ఇంతలో తెలుగు భాషా దినోత్సవానికి పోస్టరు పడింది. గ్రాఫుమీద 'ఉష్ణోగ్రత' అని రాశాం. అక్షరానికో ఖాళీ డబ్బా వచ్చింది, దానితోపాటు హెచ్చరిక: మ్యాట్‌ప్లాట్‌లిబ్ ప్రస్తుతానికి తెలుగును సొంతంగా సపోర్టు చెయ్యదు అని. మనల్ని గుంపులో కలిపెయ్యలేదు, పేరు పెట్టి మరీ కాదన్నారు. పెళ్లికి పిలవకూడని బంధువుల జాబితాలో మన పేరు స్పెల్లింగు తప్పుల్లేకుండా రాసినట్టు. జూనియర్ తెలుగు ఫాంటు తగిలించాడు. డబ్బాలు పోయాయి, 'ఉష్‌ణోగ్‌రత' వచ్చింది. ఒత్తులన్నీ అలిగి వరుసలో నిలబడ్డాయి. వాడు రాత్రి పదకొండు దాకా కుస్తీ పట్టాడు. సేవ్ ముందు పెట్టాడు, టైట్ పెట్టాడు, 300 పెట్టాడు. ఒత్తు కిందికి దిగలేదు.

నేను లేచి, గ్రాఫును పవర్‌పాయింట్‌లో పడేసి, పైన టెక్స్ట్ బాక్స్ పెట్టి 'ఉష్ణోగ్రత' అని టైపు చేశాను. ష కింద ణ ఒత్తు బుద్ధిగా కూర్చుంది. స్క్రీన్‌షాట్ తీశాను.

జూనియర్ చాలాసేపు దానివంక చూసి, "అన్నా, నాకూ వాట్సాప్ చెయ్యవా" అన్నాడు.

చేశాను. జేపెగ్ అయి చేరింది.