బంతిపువ్వు ఎవరిది బాబాయ్?

ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మరియమాత తిరునాళ్లు వచ్చాయంటే చాలు, ఆ పాత వాట్సాప్ ఫార్వర్డ్ మళ్లీ బయల్దేరుతుంది. పూలు, దండలు హిందువుల ఆచారమట, రోమ్‌లో ఇవేవీ కనిపించవట, 1969లో కేథలిక్ బిషప్పులు మనవాళ్లని బుట్టలో వేసుకోవడానికి ఇండియాలో మాత్రం మొదలుపెట్టారట, ఇప్పుడు వాళ్లకి పూలు లేందే పూజ లేదట, బంతిపూల దండ అయితే అచ్చంగా మన సొత్తట. ఈసారి మా బాబాయే ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు కాబట్టి ఇక రాయక తప్పలేదు.

ముందు రోమ్ సంగతి. అక్కడ పాంథియాన్ అని పాత రోమన్ల గుడి, ఇప్పుడది చర్చి, దాని గోపురం నడినెత్తిన సుమారు 9 మీటర్ల వెడల్పున గుండ్రటి కంత ఉంటుంది, దానికి అద్దమూ లేదు మూతా లేదు, వాన పడితే లోపల నేల తడిసిపోవాల్సిందే. పెంతెకోస్తు పండుగ నాడు పూజ అయ్యాక ఫైర్ సిబ్బంది పైకెక్కి ఆ కంతలోంచి ఎర్రగులాబీ రేకులు కుమ్మరిస్తారు. పవిత్రాత్మ అగ్నినాలుకల్లా దిగిందని దానికి గుర్తు. ఆగస్టు 5న అదే ఊళ్లో మరియమాత పెద్ద గుడి పైకప్పు నుంచి తెల్ల రేకులు రాలుస్తారు, నడివేసవిలో అక్కడ మంచు కురిసిందన్న ఐతిహ్యం కోసం.

రోమ్ దాకా వెళ్లినవాళ్లు పక్కనే ఉన్న జెన్‌జానో కూడా చూసి రావచ్చు. 1778 నుంచి క్రీస్తు శరీర రక్తాల పండుగకి అక్కడ కొండవాలు వీధి మొత్తం పూలతో బొమ్మలు పరుస్తారు. దానికి ముందు ఊళ్లోవాళ్లు కూర్చుని ఒక్కో పువ్వు రేకులు తుంచి, రంగుల వారీగా వేరు చేసి, వాడకుండా చల్లటి నేలమాళిగల్లో దాస్తారు. బతుకమ్మకి తంగేడు, గునుగు పోగుచేసే ఇళ్లలో పెరిగినవాళ్లకి ఆ హడావుడి వేరే చెప్పక్కర్లేదు. ఇంత కష్టపడి పరిచిన దాన్ని చివరికి ఏం చేస్తారంటే, పిల్లల్ని పైనుంచి వదులుతారు, వాళ్లు పరుగెత్తుకుంటూ వచ్చి మొత్తం చెరిపేస్తారు. అదీ పండుగలో భాగమే.

1969 ముక్కలో కొంత నిజం ఉంది, కాదనను. భారత బిషప్పులు అడిగితే ఆ ఏడాది రోమ్ 12 మార్పులకి ఒప్పుకుంది, పూజలో పూలతో, ధూపంతో, దీపంతో ఆరతి ఇవ్వొచ్చన్నది అందులో ఒకటి. కానీ అది ఆరతికి అనుమతి, గుళ్లోకి పువ్వు రావడానికి కాదు. పునీత అగుస్తీను 5వ శతాబ్దంలోనే ఉత్తర ఆఫ్రికాలో పునీత స్తెఫాను అవశేషాల దగ్గరి పూలు కళ్లకు అద్దుకుంటే ఒక గుడ్డి ఆమెకి చూపొచ్చిందని రాశాడు. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం, పూలు మాత్రం అప్పటికే ఉన్నాయి కదా. అంతకు రెండు వందల ఏళ్ల ముందు తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత, తలకి పూలదండ పెట్టుకోవడం అన్యమతస్తుల పని అని గట్టిగా తిట్టాడు. అంటే ఈ తగువు పాతదే, కాకపోతే అప్పట్లో అవతలి పక్షం హిందువులు కాదు, రోమన్లు.

ఇక "వాళ్లకి పూలు లేందే పూజ లేదు" అన్న వాక్యం రాసినవాళ్లు ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలంలో మా గుడి గడప తొక్కి ఉండరు. ఆ రోజుల్లో, నాలుగో ఆదివారమూ కొన్ని పెద్ద పండుగలూ తప్ప, బలిపీఠం మీద పూలు పెట్టకూడదనేదే నియమం.

గుణదలలో మరియమాతకి చామంతి దండలు వేయడం, తలనీలాలు ఇవ్వడం, ఇవి మన నేల అలవాట్లే, అందులో దాచేదేముంది? మనవాళ్లకి అమ్మ ముందు నిలబడటం ఎలా తెలుసో అలాగే నిలబడ్డారు.

బంతిపువ్వు మాత్రం, బాబాయ్, మెక్సికోది. యూరప్ ఓడలు అమెరికా ఖండానికి తిరగడం మొదలయ్యాకే అది మన తోటల్లోకి వచ్చింది. నవంబరు 2 కేథలిక్కులు పోయినవాళ్లని తలుచుకునే రోజు, ఆ రోజు అక్కడివాళ్లు పోయినవాళ్ల సమాధుల మీద పరిచేది ఈ బంతే. అదే రోజు సాయంత్రం మన ఊరి సమాధుల తోటలోకి వెళ్లి చూడండి, కొవ్వొత్తుల మధ్య ఏ పూలున్నాయో.