మందిరంలో ముందువరస సోఫాగారికి విన్నపం

మహారాజశ్రీ ముందువరస మూడుసీట్ల సోఫాగారి సముఖమునకు, జంపఖానా మీద కూర్చునే సంఘస్థులు వందనములతో వ్రాయునది.

ఉభయకుశలోపరి. ఆదివారం ఉదయం మేము మోకాలికి మోకాలు తగిలేలా సర్దుకుంటుంటే, తమరు తెల్లటి టర్కీ టవలు కప్పుకుని, ముందు గాజు టీపాయ్ పెట్టుకుని, ఏడడుగుల మేర ఖాళీగా విశ్రమిస్తుంటారు. తమ మీద కూర్చోవలసిన పెద్దమనుషులు క్రిస్మస్‌కు ఒకసారి, కొత్త సంవత్సరం రాత్రికి ఒకసారి, ఎన్నికల ముందు ఒకసారి వస్తారు. మిగతా వారాలు తమ ఖాళీయే వారికి మేము చేసే మర్యాద. ఏ పిల్లవాడైనా ఎక్కబోతే సంఘపెద్ద కళ్లతోనే దింపేస్తారు.

ధనవంతుడికి మంచి చోటు చూపించి, బీదవాణ్ణి కాళ్లదగ్గర కూర్చోమనడం తప్పని బైబిల్లో యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. ఆ భాగం మీద ప్రసంగం జరిగినా తమకు చీమకుట్టినట్టుండదు. ప్రసంగీకుడు దిగివచ్చి కూర్చునేదీ తమ మీదే కదా!

ఒక్కసారి టేపు పెట్టి కొలుద్దాం. చక్రాలకుర్చీలో వచ్చే మనిషికి కావలసింది 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు. తమరు జరిగితే అక్కడ ఇద్దరు హాయిగా పడతారు, టీపాయ్ కూడా కదిలితే కాళ్లదగ్గర చోటు మిగులుతుంది. ఇప్పుడు వాళ్లు వెనక తలుపు దగ్గర, కూలర్ పక్కన ఉంటారు. ముందువాళ్లు పాటకు లేచి నిలబడగానే వాళ్లకు కనపడేది వీపులు.

అక్కడిదాకా రావడమూ తేలిక కాదనుకోండి. మూడు మెట్లు, మెట్టుకు 6 అంగుళాలు, మొత్తం ఎత్తు 18 అంగుళాలు. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు లెక్కన 18 అడుగుల ర్యాంపు కావాలి. పైన తలుపు ముందు కుర్చీ తిరగడానికి 5 అడుగుల చదును కావాలి. స్థలం లేదని మేస్త్రి 6 అడుగుల్లో ముగించేస్తాడు. అది జారుడుబల్ల. ఎక్కేటప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, దిగేటప్పుడు మనిషి ముందుకు జారతాడు. పైగా నున్నటి టైల్స్ వేస్తారు, నాలుగు చినుకులు పడితే నడిచేవాళ్లకే దిక్కులేదు. సరిగ్గా కట్టినచోట ఇంకో చిక్కు: మొదటి పాట అయ్యేసరికి ర్యాంపు మొదట్లో చెప్పుల గుట్ట. చెప్పులకు అవతలివైపు అరలు కడితే సగం పని అయిపోతుంది.

చెవిటివారికి సైగల్లో చెప్పే మనిషి నిలబడవలసింది కూడా తమ ఎదుటే. చేతులే కాదు, మొహం కూడా కనపడాలి, సైగల భాషలో కనుబొమలకూ పని ఉంటుంది. ఎల్‌ఈడీ తెర ముందు నిలబెడితే ఆ మనిషి నల్లటి నీడ అయిపోతాడు. పక్కన సాదా గోడ, ఎదుటినుంచి ఒక లైటు, గీతల్లేని చొక్కా ఉంటే చాలు. చెవి మందగించిన ముసలివాళ్లను తీసుకెళ్లి సౌండుబాక్సు పక్కన కూర్చోబెడతారు. వాళ్లకు మోత వినపడుతుంది, మాట వినపడదు. సౌండు పెంచితే ఆత్మ దిగుతుందనేది మన విశ్వాసప్రమాణంలో లేని విశ్వాసం.

తమ వంశం సంగతీ కాస్త చెప్పుకోవాలి. 1878 జూలై 3న ఒంగోలు మిషన్‌వారు గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అందులో ఎక్కువమంది మాదిగలు, ఊళ్లో అరుగు ఎక్కనివ్వనివాళ్లు. వాళ్ల మునిమనవలే ఇవాళ చందాలు వేసుకుని తమను కొనుక్కొచ్చి, తమ కింద కూర్చుంటున్నారు. కొత్తగా వచ్చినవాణ్ణి లేపి నిలబెట్టి, పేరు అయ్యాక "ఏ ఊరు? ఏ పేట?" అని అడుగుతున్నదీ వాళ్లే. ఆ రెండో ప్రశ్నకు జవాబు దేనికో అందరికీ తెలుసు. లేపకుండానే పక్కన ఒకరు కూర్చుని పాట నంబరు చూపించి, ప్రభు బల్ల, అంటే ఆ రొట్టె, ద్రాక్షరసం, ఎవరెవరు తీసుకుంటారో ముందే చెవిలో చెప్పి, చివర్లో భోజనానికి పిలిస్తే సరిపోతుంది.

అన్నట్టు, తమరెప్పుడూ మగవాళ్ల వైపే ఉంటారెందుకు? దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) ఎగ్గోని పుష్పలలితగారు నంద్యాలకు బిషప్ అయింది 2013లో. ఆ కబురు ఇంకా తమదాకా వచ్చినట్టు లేదు.

తమను పారేయమని మేము అనడం లేదు. పక్కగదిలో బాలింతలు డోలక్ పెట్టె మీద కూర్చుని పిల్లలకు పాలిస్తున్నారు. నడుముకు ఆనుకునేది, చేతికి ఆసరా ఉండేది వాళ్లకు కావాలి. ఆ రెండూ తమకున్నాయి. గుమ్మానికి ఒక కర్టెన్, లోపలికి ఒక చిన్న స్పీకరు లాగిస్తాం, వాక్యం వినపడుతుంది. టర్కీ టవలు కూడా తెచ్చుకోండి, వారానికి రెండు కావాలి. గాజు టీపాయ్‌ని మాత్రం రానివ్వం, దాని అంచు సరిగ్గా పాకే పిల్లల నుదుటి ఎత్తులో ఉంది.

ఇట్లు,
తమ ఎదుట నేలమీది సంఘస్థులు

తా.క.: ఎమ్మెల్యేగారు వస్తే ఎలా అని పెద్దలు కంగారుపడుతున్నారు. మూడో వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేస్తాం, కాలు విరగనిది చూసి.