తీరిగ్గా తిరిగే తీరిక ఆమెకు ఎక్కడిది?

1889 నవంబరు 14న ఇద్దరు మహిళా విలేకరులు న్యూయార్క్ నుంచి చెరో దిక్కుకు బయల్దేరారు. నెల్లీ బ్లై తూర్పుకు ఓడ ఎక్కితే, ఎలిజబెత్ బిస్లాండ్ పడమరకు రైలెక్కింది. ఇద్దరి పనీ ఒకటే, వీలైనంత తక్కువ రోజుల్లో ప్రపంచాన్ని చుట్టి రావడం. తనతో ఇంకొకరు పోటీ పడుతున్నారన్న సంగతి బ్లైకి హాంకాంగ్ చేరేదాకా తెలియనే తెలియదు. అసలు ఆమె పత్రిక మొదట మగవాణ్ని పంపాలనుకుంది. ఆడమనిషికి తోడు కావాలి, పైగా బోలెడన్ని పెట్టెలు మోసుకొస్తుంది, గబగబా ఓడలు మారలేదు అన్నది వాళ్ల అభ్యంతరం. బ్లై ఒకే ఒక్క చేతిసంచితో వెళ్లి 72 రోజుల 6 గంటల 11 నిమిషాల 14 సెకన్లలో తిరిగొచ్చింది. బిస్లాండ్ ఆ తర్వాత కొద్ది రోజులకు చేరింది.

బ్లై అంటే నాకు చాలా గౌరవం. అంత మాట అన్నవాళ్లకు అంతకన్నా మంచి జవాబు ఉండదు. కానీ ఆ జవాబులో ఒక ఇబ్బంది ఉంది. ఒంటరిగా వెళ్లిన ఆడమనిషి ఏదో ఒకటి నిరూపించి రావాలన్న లెక్క అక్కడే పడింది, ఇప్పటికీ చెరగలేదు. ఒంటరిగా తిరిగొచ్చిన మహిళను మనం అడిగే ప్రశ్నలు చూడండి. ఎన్ని చోట్లు చూశావు, ఎన్ని రోజుల్లో చూశావు, భయం వేయలేదా? ఆమె ఒక పెద్ద జాబితా చెబితే మెచ్చుకుంటాం. అదే ఆమె, 'ఒకే ఊళ్లో వారం ఉన్నాను, పొద్దున్న నడిచాను, మధ్యాహ్నం నిద్రపోయాను, సాయంత్రం ఒడ్డున కూర్చున్నాను' అంటే? దానికి అంత దూరం వెళ్లాలా అంటాం.

మహిళల ఒంటరి ప్రయాణం గురించి రాసేవాళ్లంతా ధైర్యం గురించే రాస్తారు. ధైర్యం చాలామందికి ఉంది. తక్కువైంది తీరిక. ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేని సమయం. తొందర లేని ప్రయాణానికి కావాల్సింది అదే, ఆడవాళ్లకు అన్నిటికన్నా అరుదుగా దొరికేదీ అదే.

ఇందుకు అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో ఇచ్చిన అంచనా ఉంది. జీతం లేని ఇంటిపని, పిల్లల, పెద్దల సంరక్షణ కోసం ప్రపంచవ్యాప్తంగా మహిళలు రోజుకు సగటున 4 గంటల 25 నిమిషాలు పెడుతున్నారు. మగవాళ్లు పెడుతున్నది 1 గంట 23 నిమిషాలు. మధ్యలో ఉన్న తేడా రోజుకు మూడు గంటలు. వారం రోజుల ప్రయాణానికి వెళ్లే మహిళ ఆ వారం పనిని ఎవరికైనా అప్పగించాలి, లేదా వెళ్లే ముందే చేసిపెట్టాలి, లేదా వచ్చాక చేసుకోవాలి. చాలామంది చివరి రెండూ కలిపి చేస్తారు. అందుకే సెలవు మొదలయ్యే సరికే అలసిపోయి ఉంటారు.

చరిత్రలో పేరున్న యాత్రికురాళ్ల జీవితాల్లోనూ ఈ లెక్క కనబడుతుంది. వియన్నాకు చెందిన ఇడా ఫైఫర్‌కు చిన్నప్పటి నుంచీ లోకం చూడాలని ఉండేది. కొడుకులు పెద్దవాళ్లై స్థిరపడేదాకా ఆగింది. 1842లో బయల్దేరేనాటికి ఆమెకు 44 ఏళ్లు. అప్పుడు కూడా కాన్‌స్టాంటినోపుల్‌లో (ఇప్పటి ఇస్తాంబుల్) ఉన్న స్నేహితురాలిని చూడటానికి వెళుతున్నానని చెప్పి, జెరూసలేం దాకా వెళ్లింది. తర్వాత ప్రపంచాన్ని రెండుసార్లు చుట్టింది. ఐర్లాండ్‌కు చెందిన డెర్వ్లా మర్ఫీకి పదేళ్ల వయసులో పుట్టినరోజు కానుకలుగా ఒక సైకిలు, ఒక అట్లాసు వచ్చాయి. సైకిలు మీద ఇండియా వెళ్లాలని అప్పుడే నిర్ణయించుకుంది. ఆమె నిజంగా బయల్దేరింది 1963 జనవరిలో, 31 ఏళ్ల వయసులో. మధ్యలో ఏళ్ల తరబడి మంచాన పడ్డ తల్లికి సేవ చేస్తూ ఇంట్లోనే ఉండిపోయింది. వాళ్లను ఆపింది పులులో దొంగలో కాదు. ఇంట్లో ఆ పని చేసే ఇంకో మనిషి లేకపోవడం.

ఇంత కష్టపడి సంపాదించుకున్న నాలుగు రోజులు చేతికొస్తే ఏం చేస్తాం? ఒక్క గంట కూడా వృథా కాకూడదనుకుంటాం. నా మొదటి ఒంటరి ప్రయాణంలో ఐదు రోజుల్లో ఆరు చోట్లకు వెళ్లాను. ఇప్పుడు గుర్తున్నవి బస్సు కిటికీలు, ఫోన్ చార్జింగ్ కోసం వెతుక్కున్న గోడలు. రెండోసారి కూడా అలాగే పథకం వేసుకున్నాను. కానీ వానకు దారి మూసుకుపోయి ఒక చిన్న ఊళ్లో మూడు రోజులు ఆగాల్సి వచ్చింది. మొదటి రోజంతా పోయిన చోట్లను తలుచుకుని విసుక్కున్నాను. రెండో రోజు వీధులు తెలిశాయి. మూడో రోజు బసలో పనిచేసే పెద్దావిడ తనంతట తానే వచ్చి, చీకటి పడ్డాక ఏ సందులో దీపాలు ఉండవో, ఏ మనిషితో మాటలు పెట్టుకోకూడదో చెప్పింది. నేను అంతకుముందు చదివిన భద్రతా సూచనల్లో ఏవీ ఆ రెండు మాటలకు సాటిరావు. మొదటి రోజే వెళ్లిపోయి ఉంటే అవి నా చెవిన పడేవి కావు.

భద్రత గురించి మాట్లాడేటప్పుడు మనం వదిలేస్తున్నది ఇదే. ప్రమాదంలో పెద్ద భాగం తొందర వల్ల వస్తుంది. ఒకే రోజులో రెండు ఊళ్లు చూడాలనుకున్నప్పుడు రెండో ఊరికి చేరేది రాత్రి పదింటికి. అప్పటికి ఒళ్లు అలసి ఉంటుంది, ఫోన్‌లో చార్జింగ్ ఉండదు, ముందు ఏ బండి దొరికితే అది ఎక్కేస్తాం. డ్రైవర్ చూపు నచ్చకపోయినా ఎక్కేస్తాం, ఎందుకంటే తెల్లారి ఆరింటికి ఇంకో రైలు ఉంది. గది తలుపు గడియ సరిగా పడకపోయినా, డబ్బు కట్టేశాం కదా, ఒక్క రాత్రే కదా అని సర్దుకుంటాం. సమయం చేతిలో ఉన్న మనిషి ఇలా సర్దుకోనక్కర్లేదు. పగటి పూటే ఊరు చేరుతుంది. బండి నచ్చకపోతే దిగి తర్వాతి దాని కోసం ఆగుతుంది. గది బాగోలేదని మారుతుంది, ఊరే బాగోలేదని వెళ్లిపోతుంది. మనసు మార్చుకునే వీలు ఉండటమే ఒంటరి ప్రయాణికురాలికి ఉన్న పెద్ద రక్షణ. ఇరుకైన షెడ్యూలు ముందుగా తీసేసేది దాన్నే.

దీనికి ఎదురు వాదన ఉంది, అది తేలికైనదేమీ కాదు. ఒకే చోట ఎక్కువ రోజులుంటే మంచివాళ్లతో పాటు చెడ్డవాళ్లకూ మన రాకపోకలు తెలుస్తాయి. నిజమే. అందుకే రోజూ ఒకే వేళకు ఒకే దారిలో వెళ్లకపోవడం, గది నంబరు ఎవరి ముందూ పైకి చెప్పకపోవడం, ఎన్నాళ్లుంటావని అడిగినవాళ్లందరికీ నిజం చెప్పకపోవడం మంచిది. అబద్ధమాడుతున్నానన్న బాధ అక్కర్లేదు.

నడక దారులు ఈ విషయంలో నేర్పేది చాలా ఉంది. స్పెయిన్‌లో శాంటియాగో డి కాంపోస్టెలా అనే క్రైస్తవ పుణ్యక్షేత్రానికి వెళ్లే యాత్రా మార్గాల్లో ప్రసిద్ధమైనది ఫ్రెంచ్ మార్గం, దాదాపు 780 కిలోమీటర్లు. రోజుకు ఇరవై, పాతిక కిలోమీటర్ల చొప్పున నడిస్తే నెల పైనే పడుతుంది. యాత్ర పూర్తి చేసినట్టు ధ్రువపత్రం తీసుకుంటున్నవారిలో ఇటీవలి కాలంలో సగానికి పైగా మహిళలే. అందులో ఒంటరిగా వచ్చేవాళ్లు ఎందరో. కారణం ఊహించడం కష్టం కాదు. అందరూ ఒకే దిక్కుకు, ఇంచుమించు ఒకే వేగంతో నడుస్తారు. పొద్దున్న దాటి వెళ్లిన మనిషి సాయంత్రం అదే బసలో కనబడతారు. మాట్లాడాలనిపిస్తే మాట్లాడొచ్చు, లేకపోతే నాలుగడుగులు వెనక పడొచ్చు. అలాగని ఆ దారిని స్వర్గంగా చూపించడం తప్పు. 2015లో అక్కడ ఒంటరిగా నడుస్తున్న ఒక మహిళ హత్యకు గురైంది. నెమ్మదితనం ప్రమాదాన్ని తగ్గిస్తుంది, మాయం చేయదు. ఆ నేరం ఆమె ఒంటరిగా వెళ్లినందువల్ల జరగలేదు, ఒకడు చేశాడు కాబట్టి జరిగింది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ ఆడవాళ్లకు జాగ్రత్తలు చెప్పి ఊరుకుంటాం. ఆ దారుల్లో దీపాలు, పోలీసులు, ఫోన్ సిగ్నల్ ఉన్నాయా అని అడగం.

తొందర లేని ప్రయాణంలో అన్నిటికన్నా కష్టమైనది నాకు వేరే ఉంది. పని లేకుండా నలుగురి మధ్య కూర్చోవడం. మగవాడు గోడకు ఆనుకుని గంటసేపు నిలబడితే ఎవరూ తల తిప్పి చూడరు. ఆడమనిషి బెంచీ మీద ఒక్కతే కూర్చుంటే ఎవరి కోసమో ఎదురుచూస్తోందనుకుంటారు. అందుకే మనం వెంటనే ఫోన్ తీస్తాం, పుస్తకం తెరుస్తాం, వాచీ చూసుకుంటాం. ఇక్కడ ఉండటానికి నాకో కారణం ఉందని లోకానికి చెప్పుకోవడం అది. ఊరూరూ పరుగెత్తేటప్పుడు ఈ అవసరం రాదు, చేతిలో ఎప్పుడూ టికెట్టో మ్యాపో ఉంటుంది. ఒకే చోట ఉన్నప్పుడు ఆ ముసుగు పోతుంది. మొదటి రోజు పది నిమిషాలు కూర్చోలేం. నాలుగో రోజుకు గంట గడిచిన సంగతి తెలియదు. ఆ తేడా నాకు ఏ కోట చూసినా, ఏ జలపాతం చూసినా రాలేదు.

డబ్బు సంగతీ చెప్పుకోవాలి. గదులను చాలా చోట్ల ఇద్దరిని దృష్టిలో పెట్టుకునే నిర్ణయిస్తారు, ఒంటరి మనిషి ఇద్దరి అద్దె మోస్తుంది. ఒకే చోట వారమో నెలో ఉంటే అద్దె తగ్గించేవాళ్లు ఉంటారు, రవాణా ఖర్చు ఎలాగూ తగ్గుతుంది. ఆ రకంగా నెమ్మది ప్రయాణం చవకే. కానీ ఏ రోజు కూలి ఆ రోజే వచ్చే మహిళకు వారం ఆగడమంటే వారం ఆదాయం పోవడం. జీతంతో కూడిన సెలవు లేని చోట ఈ వ్యాసంలో నేను చెబుతున్నదంతా కొందరికే అందుతుంది. అసలు బయల్దేరడానికే చట్టం అడ్డుపడిన చోట్లు కూడా ఉన్నాయి. సౌదీ అరేబియాలో 21 ఏళ్లు దాటిన మహిళలు సంరక్షకుడి అనుమతి లేకుండా పాస్‌పోర్టు తీసుకుని విదేశాలకు వెళ్లే వీలు 2019లో గానీ రాలేదు.

చట్టం అడ్డు లేని చోట ఇంకో తాడు ఉంటుంది, జేబులోనే. ఎక్కడున్నావో చూపించే ఫోన్ నిజంగా ప్రాణం కాపాడగలదు. ఒక నమ్మకమైన మనిషికి మన దారి తెలిసి ఉండాలి, అందులో రాజీ వద్దు. అయితే అదే ఫోన్‌లో ఇల్లు కూడా వెంట వస్తుంది. గ్యాస్ పుస్తకం ఎక్కడ, పిల్లవాడి జ్వరం మందు ఏది, కరెంటు బిల్లు కట్టావా. మనిషి కొండ మీద ఉంటుంది, మనసు వంటింట్లో ఉంటుంది.

మూడో ప్రయాణానికి ముందు ఇంట్లో వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాను. ఏ పని ఎవరిదో కాగితం మీద రాసి గోడకు అంటించాం. రోజూ సాయంత్రం నేనే ఒక సందేశం పెడతాను, అత్యవసరమైతే తప్ప ఫోన్ చేయొద్దు అన్నాను. మాట నిలబెట్టుకున్నారు. మొదటి రెండు రోజులు ఫోన్ మోగక నాకే టెన్షన్. తెల్లారి ఐదింటికే లేచి కూర్చున్నాను. మూడో రోజు కళ్లు తెరిచేసరికి గదినిండా ఎండ ఉంది, తొమ్మిది దాటింది.