డార్విన్ పేరుతో తిరుగుతున్న ఆ మెసేజ్‌కు జవాబు

ఏ గ్రూపు తెరిచినా ఇదే మెసేజ్. "బలవంతుడిదే బతుకు అన్నాడు డార్విన్. ఆయన శిష్యుడు స్పెన్సర్ ఆ సత్యాన్ని సమాజానికి అన్వయించాడు. బలహీనుల్ని మోయడం ప్రకృతి విరుద్ధం, జాతి నాశనమవుతుంది." చదువుకున్నవాళ్లే పంపుతున్నారు, కింద దండం బొమ్మ పెట్టి మరీ.

మొదటిది తప్పు. ఆ నినాదం ('సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్') ఇంగ్లీషు తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్‌ది, 1864 నాటిది. తోటి శాస్త్రవేత్త వాలెస్ నచ్చజెబితే డార్విన్ 1869లో తన పుస్తకం ఐదో కూర్పులో చేర్చుకున్నాడు. పరిసరాలకు ఇమడగలిగిన జీవి నిలుస్తుందన్నదే ఆయన వాదం, కండబలం ఊసు కాదు.

శిష్యుడన్నదీ తప్పే. స్పెన్సర్ సమాజం గురించి పుస్తకం రాసింది 1851లో. డార్విన్ పుస్తకం వచ్చింది 1859లో.

అసలు విషం మూడో మాటలో ఉంది. ఒక సంగతి ఒప్పుకోవాలి: ఆ మాటకు డార్విన్‌లో ఆధారం లేకపోలేదు. టీకాలు, ఆశ్రమాలు, పేదల్ని ఆదుకునే చట్టాలు బలహీనుల్ని బతికిస్తున్నాయని, వాళ్లు పిల్లల్ని కనడం జాతికి చేటని 1871లో ఆయనే రాశాడు. చదివితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ వెంటనే ఏమన్నాడో చూడండి. సాయం చేసే గుణం మన సానుభూతిలోంచి వచ్చిందని, దాన్ని అణిచేస్తే మనలోని అత్యుత్తమ భాగమే చెడిపోతుందని రాశాడు. ఆపరేషన్ చేసే డాక్టరు రోగి మేలు కోసం మనసు గట్టి చేసుకోవచ్చు. నిస్సహాయుల్ని కావాలని వదిలేస్తే మాత్రం వస్తుందో రాదో తెలియని లాభం కోసం కళ్లెదుటే ఘోరం చేసినట్టేనన్నాడు. ఈ సగం కోసేసి ఎందుకు పంపుతున్నారు? చదవలేదా, చదివీ దాచారా?

స్పెన్సర్ కూడా మీకు పనికిరాడు. ప్రభుత్వం పేదల్ని ఆదుకోవడాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించాడు, అది కర్కశమే. అయినా మనుషులు తమంత తాము చేసే దానాన్ని మెచ్చుకున్నాడు.

"జాతి నాశనం" మాట ఎక్కడికి తీసుకెళ్లిందో తెలుసా? 1927లో అమెరికా సుప్రీంకోర్టు క్యారీ బక్ అనే యువతికి బలవంతపు ఆపరేషన్ చేసి పిల్లలు పుట్టకుండా చేయవచ్చని తీర్పిచ్చింది. "మూడు తరాల మందబుద్ధులు చాలు" అని రాశాడు జడ్జి హోమ్స్. ఆ మూడో తరం అన్నది క్యారీ పసికూతురు వివియన్. తర్వాత బడిలో ఆ పాప మంచి మార్కుల జాబితాకెక్కింది. ఎనిమిదేళ్లకే చనిపోయింది. తీర్పు రాసినప్పుడు ఆ పిల్లకు మూడేళ్లు. ఏం చూసి మందబుద్ధి అన్నారు? మీ మెసేజ్‌లో "బలహీనులు" ఎవరో తేల్చేది ఎవరు? మీరా?

స్పెన్సర్‌ను రాక్షసుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. దక్షిణాఫ్రికాలో బ్రిటన్ చేసిన బోయర్ యుద్ధాన్ని, సామ్రాజ్య దురాక్రమణను ఆయన తెగనాడాడు. స్వాతంత్ర్య యోధుడు శ్యామ్‌జీ కృష్ణవర్మ 1905లో లండన్‌లో పెట్టిన పత్రిక మీద స్పెన్సర్ మాటలే అచ్చయ్యేవి: దురాక్రమణను ఎదిరించడం న్యాయం మాత్రమే కాదు, తప్పనిసరి అని. ఆయన పేరుతో ఏదైనా పంపాలనుకుంటే ఆ మాట పంపండి.