పులికాట్ బీడు భూమి కాదు: గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్‌కు జవాబు

సూళ్లూరుపేట, తడ, నాయుడుపేట వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: పులికాట్ సరస్సు ఏడాదిలో సగం ఎండి ఉండే చవిటి నేల, పక్షులు జాలర్ల చేపలు తినేస్తున్నాయి, ఈ చెరువు కాకపోతే వాటికి ఇంకో చెరువు దొరుకుతుంది, ఎక్కడినుంచో వచ్చిన పక్షి ప్రేమికులు మన బాగుకు అడ్డం పడుతున్నారు. చదువుకున్నవాళ్లు కూడా నిజమనుకుని పంపుతున్నారు కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

చవిటి నేల సంగతి ముందు. వేసవిలో చాలాచోట్ల నీరింకి ఉప్పు తెల్లగా పేరుకుంటుంది, నిజమే. దేశంలో చిలికా తర్వాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇంకొకటి లేదు, అయినా దీని సగటు లోతు మీటరుకు అటూ ఇటూనే. వానలకు కాళంగి, స్వర్ణముఖి, ఆరణి నీళ్లు చేరి నిండుతుంది, ఎండలకు తగ్గుతుంది. ఫ్లెమింగోలు వచ్చేదే ఈ లోతు తక్కువ నీళ్ల కోసం. చలికాలంలో శ్రీహరికోట రోడ్డు మీద బండి ఆపి ఒక్క పక్షిని గమనించండి. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, తల తలకిందులుగా ముంచి, కాళ్లతో బురద తొక్కుతూ ఆ నీళ్లను ముక్కుతో వడగడుతుంది. నాచు, కంటికి ఆనని రొయ్యజాతి జీవాలు నోట్లో మిగులుతాయి. దాని ఈకలకు గులాబీ రంగు వచ్చేదీ ఆ తిండి వల్లే. బీడు భూమిలో ఇదంతా ఎక్కడ దొరుకుతుంది?

చేపల మాటకొస్తే, ఫ్లెమింగో చేపలు పట్టి బతికే పక్షే కాదు. గూడబాతులు (పెలికాన్లు), కొంగలు తింటాయి, కాదనను. కానీ వలల్లో సరుకు ఎందుకు తగ్గిందో జాలర్లనే అడగండి, ముందు సరస్సు సముద్రంతో కలిసే ముఖద్వారాల గురించి చెబుతారు. రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్లలు పోటుతో పాటు సరస్సులోకి వచ్చి, ఇక్కడ పెరిగి, మళ్లీ సముద్రంలోకి పోతాయి. రాయదొరువు లాంటి చోట్ల ఇసుక మేట వేసి దారి మూసుకుపోతే ఆ రాకపోకలు ఆగిపోతాయి. పూడిక తీయించమని మత్స్యకారులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. నీళ్లు ఆడితేనే జాలరికి రొయ్య, పక్షికి మేత. ఇద్దరికీ కావలసింది ఒకటే అయినప్పుడు ఒకరి మీదికి ఒకరిని ఎగదోయడం నాకు చాలా బాధగా ఉంది.

"ఇంకో చెరువు దొరుకుతుంది" అని రాసినవాళ్లు దగ్గర్లోని నేలపట్టు పక్షుల చెరువు చూసి ఉండరు. అక్కడ గూడబాతులు నీళ్లలో నిలబడి ఉన్న కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. చుట్టూ నీళ్లుంటే పిల్లుల్లాంటివి గూళ్ల దాకా రాలేవు. గూడు నేలపట్టులో, మేత పులికాట్‌లో. తల్లి చేపలతో వచ్చి వాలగానే పిల్ల దాని నోటి సంచిలోకి తలంతా దూర్చేసి తింటుంది. గుడ్డు పెట్టింది మొదలు పిల్ల రెక్కలు సాచి ఎగిరేదాకా నెలలు పడుతుంది. అన్నాళ్లూ రెండుచోట్లా నీళ్లుండాలి. వానలు మొహం చాటేసి చెరువు నిండని ఏడాది గూళ్లు సరిగా పడవు. రెక్కలున్నాయి కదా, ఎక్కడికైనా పోతాయిలే అనడం తేలికే. కళ్లు తెరవని పిల్లలతో ఎక్కడికి పోతాయి?

ఇక బయటివాళ్లట! నేలపట్టును 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. అంతకుముందు నుంచే ఆ ఊరి రైతులు వాటిని కాపాడుకుంటూ వచ్చారు. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పైరుకు బలమని వాళ్లకు తెలుసు. పులికాట్‌నూ అభయారణ్యంగా ప్రకటించారు, అయినా పడవలు, వలలు ఆగలేదు. ప్రతి జనవరిలో నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది. ఆసియా అంతటా 1987 నుంచి నడుస్తున్న పని అది. బైనాక్యులర్లు మెడలో వేసుకుని అందులో తిరిగే కుర్రాళ్లు పరాయివాళ్లు కాదు, మన పిల్లలే.

ఆ మెసేజ్‌లో లేని విషయం ఒకటుంది. కాళంగి మన సూళ్లూరుపేట పక్కనుంచే పులికాట్‌కు పోతుంది. మనం నదిలో పారేసిన క్యారీబ్యాగులు, వదిలిన మురుగు చివరికి చేరేది వలలు వేసే నీళ్లలోకే. గ్రూపుల్లో కోపం చూపించాలనుకుంటే దాని గురించి మున్సిపాలిటీకి అర్జీ పెడదాం, నేను సంతకం చేస్తాను.